చంద్రమండలానికి నేను చేసిన రిపేరు

అమెరికాలో మా రెడ్‌మండ్ తెలుగు చర్చిలో ప్రొజెక్టర్ దరిదాపులకు నేను వెళితే చాలు, ఇప్పటికీ ఎవరో ఒకరు దగ్గుతారు. ఆ దగ్గుకు కారణం జలుబు కాదు, నేను. ఒక పెద్దావిడ ప్రాణంగా దాచుకున్న అరనిమిషం వీడియోకి ఇరవయ్యారేళ్ళ వయసులో నేను చేసిన సేవ అలాంటిది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం కాళ్ళ కింద నేల చీలితే బాగుండుననిపించింది. కార్పెట్ మందంగా ఉండడం వల్ల చీలలేదు.

ఆ పెద్దావిడ పేరు డోరతి. ఆస్ట్రేలియా మనిషి. మా చర్చిలో కార్యక్రమాలన్నీ నడిపించే సుజాతక్కకు అత్తగారు. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. ప్రతి ఆదివారం కోడలి వెంట మా చర్చికి వచ్చేవారు. తెలుగు కోడలి దగ్గరే నేర్చుకున్నారు. అందుకే ఆవిడ తెలుగులో కోడళ్ళను మందలించే మాట ఒక్కటీ ఉండదు.

ఒకసారి సుజాతక్క, పెద్దవాళ్ళంతా తాము చూసిన తొలినాటి టీవీ కబుర్లు చెప్పాలని ఒక శనివారం సాయంత్రం కార్యక్రమం పెట్టింది. డోరతి గారి వంతు ఆస్ట్రేలియా టీవీ. ఆవిడ మాట్లాడుతుంటే వెనకాల తెర మీద వీడియోలు రావాలి.

"తమ్ముడూ, నీకు ఎడిటింగ్ వచ్చా?" అని అడిగింది అక్క.

"అదెంతక్కా, టూ అవర్స్ పని" అన్నాను.

నాకు ఎడిటింగ్ రాదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను అంతకు రెండు రోజుల ముందే డౌన్‌లోడ్ చేశాను. కోతికి కొబ్బరికాయ దొరికితే కనీసం కొబ్బరికాయ ఒక్కటే పాడవుతుంది.

కబుర్లు రాసుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. డోరతి గారు టీ ఇచ్చి మొదలుపెట్టారు. వాళ్ళ దేశానికి టీవీ వచ్చిన కొత్తలో ఇళ్ళల్లో సెట్లు లేక జనం షాపుల అద్దాల ముందు నిలబడి చూసేవారట. వాళ్ళ నాన్నగారు మాత్రం ఇంటి నుంచి మడతకుర్చీ మోసుకెళ్ళి ఫుట్‌పాత్ మీద వేసుకుని కూర్చునేవారట.

"రంగులు వచ్చిన రోజు ఏం చూశారాంటీ?"

"న్యూస్ చదివేవాడి టై. ఎన్నో ఏళ్ళు అది మంచి టై అనుకున్నాను బాబూ."

తర్వాత ఆవిడ లోపలికి వెళ్ళి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి నా అరచేతిలో పెట్టారు. మనిషి చంద్రుడి మీద వేసిన మొదటి అడుగును లోకమంతా చూసింది ఆస్ట్రేలియాలోని పెద్ద యాంటెనా అందుకున్న బొమ్మల వల్లనేనట. ఆవిడ భర్త జాక్ అక్కడ టెక్నీషియన్.

"జాక్ చేసిన పని ఇందులో కనిపిస్తుంది. అదేమిటో ఇప్పుడు చెప్పను. ఆ రోజు అందరితో పాటు నువ్వూ చూడు" అన్నారు.

"ఇంకో కాపీ లేదు తమ్ముడూ, జాగ్రత్త" అంది సుజాతక్క.

ఇంటికి వచ్చి వీడియో తెరిచాను. చంద్రుడు పైన, ఆకాశం కింద. మనిషి కాలు కింది నుంచి పైకి వస్తోంది. పాపం, ముసలావిడ, ఇన్నేళ్ళుగా దీన్ని తలకిందులుగానే చూస్తోంది కాబోలు అనుకున్నాను. నా గుండె కరిగిపోయింది. మీరైతే మిగతా ఇరవై సెకన్లూ చూసేవారు. నేను చూడలేదు. రొటేట్ అన్నాను, సేవ్ అన్నాను. పాత ఫైల్ పోతుంది, ఫర్వాలేదా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. ఫర్వాలేదన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త ఎడిటర్ హద్దెరగడు.

శనివారం హాలు నిండిపోయింది. షాపు అద్దాల కథకు నవ్వారు, టై కథకు ఇంకా నవ్వారు. నేను ల్యాప్‌టాప్ దగ్గర పెళ్ళికొడుకులా కూర్చున్నాను. డోరతి గారు గొంతు సవరించుకున్నారు.

"చంద్రుడి మీదకు వెళ్ళిన కెమెరాను తలకిందులుగా బిగించారు. అందుకని బొమ్మ కూడా తలకిందులుగా వచ్చేది. దాన్ని నిలబెట్టడానికి ఇక్కడ కింద మా దేశంలో యాంటెనా దగ్గర ఒక స్విచ్ ఉండేది. ఆ స్విచ్ మీద ఉన్న చెయ్యి మా జాక్‌ది. ముందు అంతా తలకిందులుగా ఉంటుంది. తర్వాత జాక్ నిలబెడతాడు. చూడండి."

నా ఒంట్లో రక్తం కూడా దిశ మార్చుకుంది.

"ఆంటీ, ఒక్క నిమిషం..."

"ప్లే చెయ్యి తమ్ముడూ, అందరూ వెయిటింగ్" అంది అక్క, తనే వంగి బటన్ నొక్కుతూ.

తెర మీద చంద్రుడు కింద, ఆకాశం పైన, అంతా లక్షణంగా ఉంది. డోరతి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఇంతలో బొమ్మ ఒక్కసారి అదిరి, చంద్రమండలం అమాంతం బోర్లా పడింది. మానవజాతి తొలి ప్రతినిధి గబ్బిలంలా చూరుకు వేలాడాడు.

ముందు వరసలో కూర్చున్న రిటైర్డ్ డాక్టర్ గారు మెల్లగా అడిగారు.

"అంటే అమ్మా, మీవారు స్విచ్ వేసి దీన్ని తిరగేశారా?"

డోరతి గారు తెరనే చూస్తున్నారు. ఆ మొహం చూసి నేను లేచి నిలబడి నేరం ఒప్పుకున్నాను.

"ఒరిజినల్ ఉందిగా?" అంది అక్క.

"సేవ్ చేశానక్కా."

"ఎక్కడ?"

"దాని మీదే."

మళ్ళీ రొటేట్ చేద్దామంటే ఆ బటన్ ఎక్కడుందో కనిపించలేదు. అప్పుడు డోరతి గారే అన్నారు.

"బాబూ, ఆ ప్రొజెక్టర్‌ని తిరగేసి పట్టుకో."

నేనొక వైపు, పాస్టర్ గారొక వైపు పట్టుకుని దాన్ని తలకిందులు చేశాం. అక్క వీడియో మొదటి నుంచి పెట్టింది.

"వేడిగా ఉంది బ్రదర్" అన్నారు పాస్టర్ గారు పళ్ళ బిగువున.

"కదలకండి పాస్టర్ గారూ, చంద్రుడు ఊగుతున్నాడు."

ఈసారి చంద్రుడు పైన, ఆకాశం కింద. డోరతి గారు నెమ్మదిగా తెర దగ్గరికి నడిచి చెయ్యి ఎత్తి పట్టుకున్నారు. బొమ్మ అదిరింది. మనిషి నిటారుగా నిలబడ్డాడు.

"అదిగో, జాక్" అన్నారు ఆవిడ.

అందరూ చప్పట్లు కొట్టారు. చేతులు ఖాళీ లేక నేనూ పాస్టర్ గారూ కొట్టలేకపోయాం.

తర్వాత క్షమాపణ చెప్పుకుందామని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నోరు తెరిచేలోపే ఆవిడ నా భుజం తట్టారు.

"జాక్ బతికున్నన్నాళ్ళూ ఒకటే బాధపడేవాడు బాబూ. ‘నేను చేసిన పని ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది సరిగ్గా జరిగింది’ అని. అది జరగకపోతే ఎలా ఉండేదో ఇవాళ నువ్వు అందరికీ చూపించావు." ఆగి, చెయ్యి చాపారు. "సరే, పెన్‌డ్రైవ్ ఇచ్చెయ్."

కనుక పాఠక మహాశయులారా, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట లోకంలో ఏది తలకిందులుగా కనిపించినా, ముందు నా తల తిప్పి చూసుకుంటాను. అప్పటికీ తలకిందులుగానే ఉంటే రెండు కాపీలు తీసి, చేతులు కట్టుకుని, సుజాతక్కకు ఫోన్ చేస్తాను.