మైకులో చెప్పని కబురు

ఆఫీసులో నాకిచ్చే సూచనలన్నీ మరాఠీలో ఉంటాయి. ఆటోలో కూర్చుని, మైకు పట్టుకుని, వాటిని మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచ వీధుల్లో తెలుగులో చెప్పడం నా పని. రేపు నల్లా రాదు, ఇంటిపన్ను కట్టండి, ప్లాస్టిక్ సంచులు వాడొద్దు, పిల్లలకు పోలియో చుక్కలు వేయించండి, ప్రాణహిత పెరుగుతోంది కాబట్టి ఒడ్డుకు ఎవరూ పోవద్దు. నగర్ పంచాయతీలో నాది కాంట్రాక్టు కొలువు. ఊళ్లో నన్ను మైకక్క అంటారు. నల్లా బందయిన రోజున మాత్రం ఆ నీళ్లేవో నేనే ఆపినట్టు మాట్లాడతారు. "ఏందక్కా, గిట్ల పరేషాన్ చేస్తున్నవ్?" అని బిందెలు పట్టుకుని ఆటోకి అడ్డం నిలబడ్డ ఆడవాళ్లు ఉన్నారు. "నేనేమన్న పైపు మీద కూసున్ననా?" అని కసిరేదాన్ని. అప్పట్లో నాకు కోపం బాగా వచ్చేది.

ఆఫీసు కబుర్లు అయ్యాక చావు కబురు చెప్పడం మా ఊరి అలవాటు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నాకంటే ముందు ఈ పని చేసిన పెద్దాయన కూడా చెప్పేవాడట. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంటివాళ్లలో ఒకరు వచ్చి ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుంటారు. వాళ్లేమీ మాట్లాడరు, ఊరికే కూర్చుంటారు. ఎవరింటి చావో జనం ఆ మనిషిని చూసి తెలుసుకుంటారు. నేను ఫలానా వార్డు, ఫలానా ఆయన, ఫలానా వేళకు అంత్యయాత్ర అని చెప్తాను. బజారులోకి ఆటో రాగానే దుకాణాల వాళ్లు షట్టరు సగం దించుతారు. బట్టల దుకాణం సేటు, చెప్పుల దుకాణం భాయ్, మందుల షాపాయన, అందరూ. లోపల గిరాకీ ఉన్నా సరే, ఆటో మూల తిరిగేదాకా షట్టరు అట్లాగే ఉంటుంది. తర్వాత ఎత్తుకుంటారు.

మైకులో చెప్పేదాకా మా దగ్గర చావు చావు కాదు. చెవిన పడ్డా, "ఏమో, మైకుల రాలే గదా" అంటారు. ఇప్పుడు ఫోన్లలో గ్రూపు ఉంది, ఆఫీసు కబుర్లన్నీ అందులో కూడా పడతాయి. అయినా గ్రూపులో చదివి షట్టరు దించినవాణ్ణి నేను చూడలేదు.

మా ఆయన బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఇంటి ముందు రేకుల షెడ్డులో పొద్దంతా రాగి తీగ చుడుతూ కూర్చునేవాడు. అటు అడవి ఊళ్ల నుంచి కూడా మోటార్లు వచ్చేవి. పోయిన వానాకాలం జ్వరం పట్టుకుంది. అహేరిలో చూపించాం, తగ్గలేదు. గడ్చిరోలి తీసుకుపొమ్మన్నారు. చామోర్షి చేరకముందే వ్యానులో ప్రాణం పోయింది. నేను పక్కనే ఉన్నాను. కాళ్లు చల్లగా తగిలితే దుప్పటి కిందికి లాగి కప్పాను. వ్యాను వెనక్కి తిప్పారు. దారంతా వాన కొడుతూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చీకటి పడకముందే కానివ్వాలని పెద్దవాళ్లు తొందర పెట్టారు. అప్పుడు మా ఆఫీసు ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. పైన లౌడ్‌స్పీకరుకు తడవకుండా కవరు చుట్టి ఉంది. డ్రైవరు భాయ్ దిగి, తడుస్తూ నావైపు చూశాడు. నేనూ చూశాను. మైకులో తెలుగులో చెప్పే మనిషిని నేనొక్కదాన్నే. నా మొగుడు పోయాడని నేనెట్లా చెప్తాను? అతను అడగలేదు, నేను లేవలేదు. ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు.

చుట్టాలు, వీధివాళ్లు కలిపి పట్టుమని పదిమంది నది దాకా వచ్చారు. బజారు మీదుగానే తీసుకుపోయారు. వానకు అందరం తలలు వంచుకుని నడిచాం. ఎవరి శవమో చూసేందుకు ఒక్కరూ దుకాణంలోంచి బయటికి రాలేదని, ఒక్క షట్టరూ దిగలేదని తర్వాత మా అత్తకు ఎవరో చెప్పారు. మా అత్తకు ఆయన ఒక్కడే కొడుకు.

దినాలు అయ్యాక పనికి వెళ్లాను. నాకు ఏడుపు రాలేదు. అన్నం తిన్నాను, నిద్రపోయాను, బట్టలు ఉతికాను. మైకు పట్టుకుని, కుక్కలకు సూదులు వేస్తారు, పెంచుకునేవాళ్లు మీ కుక్కల్ని ఇంట్లో కట్టేసుకోండి అని చెప్పాను. గొంతు బాగానే పలికింది. "మైకక్క గట్టిదబ్బా" అనుకున్నారు మా వీధివాళ్లు. గట్టితనం కాదు పాడూ కాదు. పన్ను పీకడానికి సూది ఇస్తే దవడ ఉండీ లేనట్టు ఉంటుంది కదా, నాకు ఒళ్లంతా అట్లా ఉంది. కోపం కూడా పోయింది. నల్లా రాలేదని తిడితే తిట్టనిచ్చాను. తిట్టినవాళ్లకే విసుగొచ్చి వెళ్లిపోయేవాళ్లు.

మిరప చేలకు నీళ్లు పెట్టే రోజుల్లో జిమల్‌గట్ట నుంచి ఒక రైతు బండి వెనక మోటారు కట్టుకుని వచ్చాడు. మా అత్త గడప దగ్గర కూర్చుని ఉంది. నేను లోపల బియ్యం ఏరుతున్నాను.

"ఉన్నడా అమ్మా?"

"లేడు బిడ్డా."

"ఎప్పుడొస్తడు? జర అర్జెంటున్నది, తోటంత ఎండుతున్నది."

మా అత్త వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను చేటలో రాళ్లు ఏరుతూనే ఉన్నాను.

"ఇగ రాడు," అన్నది అత్త.

అతను మా ఆయన ఎక్కడికో పనికి పోయాడనుకున్నాడు. "ఏ ఊరు పోయిండు? ఫోన్ నంబరన్న ఇయ్యిరి, నేనే మాట్లాడుకుంట," అన్నాడు. చివరికి పక్కింటామె వచ్చి సంగతి చెప్పింది. అతను బండికి స్టాండు వేసి మెట్టు మీద కూలబడ్డాడు. "అయ్యో, నాకు ఎర్కనే లేదమ్మా. మొన్న బజార్ల నలుగురిని అడిగిన. ఇంటికాడనే ఉంటడు పో అన్నరు," అన్నాడు. చాలాసేపు కూర్చుని, మోటారు దించకుండానే వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక మా అత్త లోపలికి వచ్చింది.

"పందులను పట్టుకపోతే చెప్తవ్. కుక్కలకు సూదులేస్తే చెప్తవ్. నా కొడుకు పోయిండని ఒక్కనాడు చెప్పకపోతివి."

"చెప్తా అత్తమ్మా, రేపు చెప్తా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"ఆడు పోయినట్టు ఊరికి తెల్వాలె. అందరికి దించినట్టే నా కొడుక్కి సుత షట్టర్లు దించాలె. గంతే. నేనింకేం అడుగుత లేను."

ఆ మాట మీదే ఉంది. రోజూ సాయంత్రం నేను ఇంటికి రాగానే, "చెప్పినవా?" అని అడిగేది. "లేదు" అనేదాన్ని. తిట్టేది కాదు. కంచంలో అన్నం పెట్టి పక్కకు జరిగి కూర్చునేది. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. తిట్టినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది కానీ, అప్పుడు అదీ అనిపించలేదు. అన్నం తినేసి కంచం కడిగి పెట్టేదాన్ని.

చెప్పాలని చూడకపోలేదు. ఒకసారి నది వైపు ఖాళీ రోడ్డు మీద, మైకు ఆపేసి, నాలో నేను చెప్పి చూశాను. వార్డు వచ్చింది. ఇంటిపేరు వచ్చింది. ఆ తర్వాత పేరు రావాల్సిన చోట నల్లా గురించి చెప్పాను. డ్రైవరు భాయ్ అద్దంలో నన్ను చూసి మళ్లీ రోడ్డు చూశాడు.

ఆఫీసులో క్లర్కుకు కూడా సంగతి తెలిసింది. మంచివాడే. "తాయీ, గ్రూపులో పెట్టనా?" అని మరాఠీలో అడిగాడు. సరే అన్నాను. పెట్టాడు. దాని కింద దండాల బొమ్మలు వరసగా పడ్డాయి. ఇంటికి తీసుకుపోయి అత్తకు చూపించాను.

"గీ బొమ్మలేంది?"

"దండాలు అత్తమ్మా. అందరు పెట్టిండ్రు."

"దుకాండ్లు బంద్ జేసిండ్రా?"

"లేదు."

ఫోను నా చేతిలో పెట్టేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఏడాది దగ్గర పడింది. మళ్లీ వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున ఆఫీసులో సూచనల కాగితం తీసుకుని బయటికి వచ్చేసరికి మా అత్త ఆటోలో కూర్చుని ఉంది, డ్రైవరు పక్క సీట్లో. పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుంది. ఇంటి నుంచి నడిచి వచ్చినట్టుంది, చీర అంచంతా బురద. ఆటో బయట నిలబడి భాయ్ తల గోక్కుంటున్నాడు.

"అమ్మా, ఎటు పోవాలె మీరు?"

"మీరు పోయే కాడికే."

"అమ్మా, గిది ఆఫీసు ఆటో గదా..."

"పోయినోళ్ల ఇంటోళ్లు ఎక్కుతరు గదా దీంట్ల? ఎక్కిన. నడుపు."

క్లర్కు కిటికీ దగ్గరికి వచ్చి చూశాడు. అత్తను చూసి, నన్ను చూసి, లోపలికి వెళ్లిపోయాడు. నేను వెనక సీట్లో ఎక్కాను. దిగమని అత్తకు చెప్పొచ్చు, కానీ అంత ఓపిక కూడా నాలో లేదు. భాయ్ బండి తీశాడు.

ఆ రోజు చెప్పాల్సినవి రెండే. పైపు పగిలింది కాబట్టి రేపు నల్లా రాదు, ఇంటిపన్ను బాకీ ఉన్నవాళ్లు వచ్చి కట్టాలి. ముందు ఇళ్ల వీధుల్లో తిరిగాం. రెండూ చెప్పాను. అత్త ఎదురుగా రోడ్డునే చూస్తోంది, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఇళ్ల ముందున్న వాళ్లు మాత్రం ఆమెను చూసి పనులు ఆపి నిలబడ్డారు. ముందు సీట్లో మనిషి కూర్చుందంటే ఆ ఇంట్లో చావు అయినట్టే లెక్క. మా ఆయన సంగతి తెలిసినవాళ్లు కూడా మళ్లీ కొత్త చావేదో అయిందనుకున్నారు. కొందరు నావైపు భయంగా చూశారు. మా ఇంట్లో ఇంకెవరున్నారు పోవడానికి, ఆమే ఆటోలో ఉంది, నేనే మైకు పట్టుకున్నాను.

ఆటో బజారులోకి తిరిగింది. అత్తను చూడగానే బట్టల దుకాణం సేటు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి, షట్టరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కానీ దించలేదు. నేను పేరు చెప్తానని ఎదురు చూస్తున్నాడు. ఎదురుగా చెప్పుల దుకాణం భాయ్ కూడా లేచాడు. అవతల మందుల షాపాయన, పక్కన మిక్చరు అమ్మే ఆయన. బజారు పొడుగునా చేతులు షట్టర్ల మీద ఉన్నాయి. నేను మైకు నోటి దగ్గర పెట్టుకుని, రేపు నల్లా రాదని చెప్పాను. ఎవరూ కదల్లేదు. ఇంటిపన్ను గురించి చెప్పాను. సేటు చెయ్యి ఊపి ఏందని అడిగాడు. నేను మళ్లీ నల్లా రాదని చెప్పాను. డ్రైవరు భాయ్ ఆటో నిలిపేశాడు.

కూరగాయలు అమ్మే ఆమె తట్ట వదిలేసి ఆటో దగ్గరికి వచ్చింది. నదికి అవతలి నుంచి వచ్చి అమ్ముకునే మనిషి, మా ఇంటి సంగతి ఏదీ తెలియదు. అత్తను చూసి, నా దగ్గరికి వచ్చి, ఆటో కమ్మీ పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఎవరు పోయిండ్రక్కా?"

"మా ఆయన," అన్నాను.

వార్డు చెప్పలేదు, ఇంటిపేరు చెప్పలేదు, అంత్యయాత్ర ఎప్పుడో చెప్పలేదు. ఆమె అడిగింది, నేను చెప్పాను, అంతే. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. నా మాట లౌడ్‌స్పీకరులోంచి బజారంతా పోయింది.

"అయ్యో తల్లీ! ఎప్పుడు?"

"పోయిన వానల్ల. మా ఆయన పోయిండు."

సేటు షట్టరు దించాడు. దాని వెనకే చెప్పుల దుకాణం భాయ్ దించాడు. మందుల షాపుది తుప్పు పట్టి ఉంటుంది, కిర్రుమని ఆగి మళ్లీ దిగింది. ఒకటి తర్వాత ఒకటి బజారు చివరిదాకా దిగుతూనే ఉన్నాయి. ఇంతమంది పోయినప్పుడు ఈ చప్పుడు విన్నాను, విని తర్వాతి వీధికి పోయాను. ఆ రోజు మాత్రం ఏడ్చాను. వ్యానులో రాని ఏడుపు, నది ఒడ్డున రాని ఏడుపు. మైకు పక్కన పెట్టాలని కూడా తోచలేదు. నా ఏడుపు ఆటో మీదనుంచి బజారంతా మోగి మళ్లీ నా చెవుల్లోనే పడుతోంది. జనం చూస్తున్నారు. డ్రైవరు భాయ్ కంగారుపడి మైకు స్విచ్ మీద చెయ్యి వేశాడు.

మా అత్త అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి బిడ్డా," అన్నది. "విననియ్యి."