అక్షరాల తెరమీద మా ఇంటి కబుర్లు

మా తోడికోడలికి కోపం వచ్చినా నవ్వే, భయం వేసినా నవ్వే. మా కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో కళ్లు పరీక్ష చేసేది ఆవిడే. నేను అక్కా అంటాను. ముందుగదిలో ఫ్రేములు తుడిచి సర్దడం నా పని. ఎక్కువ మాట్లాడను. నా వంతు మాటలు కూడా ఆవిడే మాట్లాడేస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఆ వెనకగది ఒకప్పుడు మా మామగారిది. గోడకి అట్ట చార్టు వేలాడదీసి, కర్రతో ఒక్కో అక్షరం తట్టి చదివించేవారు. అక్క ఈ పని చదువుకుని, పరీక్ష పాసై వచ్చాక, మా ఆయన అట్ట తీసేసి గోడకి తెర బిగించి కంప్యూటర్ పెట్టారు. అద్దాలు సానపట్టేవాళ్లు పంపే కబురు తప్పిపోకూడదని అందులోనే చాటింగ్ యాప్ కూడా వేశారు. మామయ్య గల్లాపెట్టె దగ్గరికి మారారు గానీ, మనసు మాత్రం వెనకగదిలోనే వదిలేశారు.

ఆ తర్వాత మా ఆయన పోయారు. ఆయన వేసిన యాప్ మాత్రం కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఎవరూ పిలవకుండానే వచ్చి అక్షరాలమీద కూర్చునేది. అక్క రోజూ పొద్దున్నే దాన్ని మూసేసి పని మొదలుపెట్టేది.

ఒకరోజు తాళాలు బాగుచేసే ఆయన కుర్చీలో ఉండగా కరెంటు పోయి వచ్చింది. అక్క కంప్యూటర్ మళ్లీ పెట్టి, తెరమీద ఏం కనబడితే అది పైనుంచి చదవమని చెప్పి, అద్దాల పెట్టె కోసం ముందుగదిలోకి వచ్చింది. ఆయన చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"మామయ్య పొద్దున్నే ముఖం గంటు పెట్టుకున్నారు. ఇవాళ గల్లాపెట్టె దగ్గరికి వెళ్లేవాళ్లు హెల్మెట్ పెట్టుకుని వెళ్లండి."

మామయ్య లేని మా ఇంటివాళ్ల గ్రూపులో ఆ ముక్క రాసింది అక్కే. నా చేతిలో ఫ్రేము జారిపోయింది. ఆయన అక్కడితో ఆగలేదు. "చివర్న ఏదో బొమ్మ మసగ్గా ఉందండీ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీట్లేదు" అన్నాడు.

నేను తుడిచే గుడ్డ నోట్లో కుక్కుకున్నాను. అయినా నవ్వు ఆగలేదు. నెలల తరబడి ఏమైపోయిందో తెలియని నవ్వు, ఒక్కసారిగా ముక్కులోంచి కూడా వచ్చేసింది.

మామయ్య అరిచినా బాగుండేది. నెమ్మదిగా లేచి వచ్చి, "అమ్మాయ్, శుక్రవారం ఆ కుర్చీలో నేనే కూర్చుంటా. తెరమీద ఒక్క పిచ్చిమాట కనబడిందా, అట్ట చార్టు మళ్లీ గోడెక్కుతుంది. వెనకగది నేను చూసుకుంటా, నువ్వు ముందుగదిలో డబ్బాలు సర్దుకుందువుగాని" అన్నారు.

అక్క అప్పుడూ నవ్వింది. కానీ ఆ నవ్వు ఎప్పటిలా పక్కింటిదాకా వినబడలేదు.

యాప్‌ని పూర్తిగా తీసేద్దామంటే సానవాళ్ల కబుర్లు అందులోనే రావాలి. తెరమీదున్న దాని గుర్తు చెరిపేశాం. పీడ విరగడైందనుకుని కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే, దర్జాగా మళ్లీ వచ్చింది. అందులోంచి లాగౌట్ అయిపోయింది అక్క. ఈసారి కబుర్లకి బదులు, ఫోన్‌తో స్కాన్ చేయమని గళ్లగళ్ల బొమ్మ ఒకటి తెరనిండా వచ్చింది. అప్పుడే కుర్చీలో కూర్చున్న సంగీతం పంతులమ్మ దాన్ని ఎగాదిగా చూసి, కళ్లు నులుముకుని, మళ్లీ చూసి, ఒక్క అక్షరం కూడా ఆనడం లేదని కన్నీళ్లు పెట్టుకుంది. ఆవిడకి చూపు ఉందని నచ్చజెప్పేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

గురువారం దుకాణం మూశాక ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మళ్లీ లాగిన్ అయి, యాప్‌లోకి వెళ్లి, సెట్టింగులు ఒక్కొక్కటే తెరిచాం. ఒక్కో మాటా వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేను చదువుతుంటే, అక్క మౌస్ నడిపింది. ఒకచోట, కంప్యూటర్ పెట్టగానే దానంతటదే తెరుచుకోవాలి అని ఉంది. ఎదురుగా టిక్కు. ఆ టిక్కు పెట్టింది మా ఆయనే.

అక్క మౌస్ వదిలేసి నావైపు చూసింది.

"తీసెయ్యనా?"

"తీసెయ్యక్కా. ఆయనుంటే తనే తీసెయ్యకుండా ఇంతదాకా ఆగేవారా?"

టిక్కు పోయింది. ఆపి పెట్టాం. రాలేదు. నమ్మకం లేక ఇంకోసారి ఆపి మళ్లీ పెట్టాం. రాలేదు. అక్క చక్రాలున్న తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి గదంతా తిప్పింది. గోడకి కొట్టుకుని ఆగాం.

శుక్రవారం మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. తన కళ్లముందే కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టమన్నారు. అక్క పెట్టింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. తెర నల్లగా ఉంది, నీలంగా అయింది, చార్టు తెరవగానే తెల్లగా అయింది. అక్షరాలు తప్ప ఇంకేమీ లేవు. మామయ్య మొహంలో కొంచెం నిరాశ కూడా కనబడింది.

"సరే, చదువుతా" అని, అన్నిటికన్నా కింది వరసే గడగడా చదివేశారు. "గ, స, న, ల, మ."

అక్క తెరవైపు చూసింది. నేనూ చూశాను. అక్కడున్నవి ప, వ, డ, ర, క.

"మామయ్యా, మీరు చదివింది పాత అట్టమీది వరస. ఈ తెరమీద ప్రతిసారీ అక్షరాలు మారతాయి."

ఆయన ముందుకు వంగారు. కళ్లు చికిలించారు. తెర సరిగ్గా లేదన్నారు, దీపం తక్కువైందన్నారు. చివరికి, ఎన్నాళ్లుగానో ఆ వరస తనకి కంఠతా వచ్చేసిందనీ, చూసి చదివి చాలాకాలమైందనీ గొణిగారు. అక్క నవ్వలేదు. నవ్వని అక్కని నేను చూడడం అదే మొదటిసారి. పరీక్ష ఫ్రేము ఆయన ముక్కుమీద పెట్టి, ఓపిగ్గా ఒక్కో అద్దం మార్చుతూ పోయింది. ఒక అద్దం దగ్గర ఆయన గుక్క తిప్పుకోకుండా అన్నీ చదివేశారు. ఇంకో వరస వేయమన్నారు. అదీ చదివేశారు. అక్షరాలు మారినకొద్దీ ఆయన గొంతు పెరిగింది. బయట బెంచీమీద జనం చేరారు.

"మామయ్యా, లెన్సు నంబరు రాసేశాను. ఇక లేవండి, నా గదిలో నాకు పనుంది" అంది అక్క.

"నీ గదే తల్లీ, కాదన్నదెవరు" అన్నారు మామయ్య, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. "ఇంకొక్క వరస వెయ్యి."