జోథమ్ కాపాడిన చెట్టు

మా కాట్‌స్కిల్ కొండల్లో బెరడు ఒలిచే పని మే నుంచి జూలై దాకానే. ఆ మూడు నెలలూ హెంలాక్ చెట్టుకు రసం ఎక్కి, బెరడు తేలిగ్గా ఊడివస్తుంది. తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా రాదు. తోళ్ళు పదును చేసే కార్ఖానాకు కావలసింది బెరడే కాబట్టి, నరికిన మాను అక్కడే పడి కుళ్ళిపోతుంది.

మా బావ జోథమ్ ఈ పనిలో చేయి తిరిగినవాడు. వాగు ఒడ్డున ఉన్న ఒక్క హెంలాక్ చెట్టు మీద మాత్రం గొడ్డలి వెయ్యలేదు. దాని కిందే మా అక్క మెహిటబుల్‌ని పాతిపెట్టాం. ఆ ఏడు కొండంతా బోడి అయిపోయి, అదొక్కటే మిగిలింది.

"దాని పని కూడా పట్టు," అన్నాడు మేస్త్రీ.

అదే వారం న్యూయార్క్ నుంచి లాత్రప్ అనే చిత్రకారుడు వచ్చి చెట్టు ఎదురుగా గొడుగు పాతుకుని బొమ్మ మొదలెట్టాడు. బావ మొహం విప్పారింది. మేస్త్రీకి రోజుకో సాకు చెప్పసాగాడు. గొడ్డలి మొద్దుబారిందన్నాడు, కందిరీగలన్నాడు, నడుం పట్టేసిందన్నాడు.

"పిచ్చి పట్టిందా బావా? పనిలోంచి తీసేస్తారు."

"తియ్యనీరా. వచ్చే ఏడు ఎలాగూ నరుకుతారు. ఈలోగా ఆయన బొమ్మ వేసేస్తే, అందులోనైనా నిలబడి ఉంటుంది."

ఆగస్టు వచ్చింది. బెరడు బిగుసుకుంది. మేస్త్రీ బావని పనిలోంచి పొమ్మన్నాడు.

బొమ్మ పూర్తయిందని తెలిసి బావ ఆదివారపు చొక్కా వేసుకుని వెళ్ళాడు, వెంట నేనూ. బొమ్మలో వాగు మా వాగే, కొండ మా కొండే. చెట్టు మాత్రం పిడుగు పడి విరిగిన మోడు. పై భాగం తెల్లగా వాగుకు అడ్డంగా పడి ఉంది. ఒక్క పచ్చని రెమ్మ లేదు.

"అయ్యా, ఇది చచ్చిపోయింది కదండీ," అన్నాడు బావ.

"పచ్చటి చెట్టుని ఎవరు చూస్తారయ్యా? మోడులో విషాదం ఉంటుంది. పట్నంలో అదే కావాలంటారు."

నాకు ఒళ్ళు మండింది. "విషాదం మా ఇంట్లో బోలెడుంది, మూట కట్టుకుపొండి!" అన్నాను. బావ నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాడు.

మరుసటి జూన్‌లో వేరేవాళ్ళు ఆ చెట్టు నరికి బెరడు ఒలుచుకుపోయారు. మేం వెళ్ళేసరికి మొదలు మిగిలింది. మాను తెల్లగా వాగుకు అడ్డంగా పడి ఉంది.

"అక్క మీద పడలేదు, నయం," అన్నాను.

బావ వంగి తెల్లటి మానుని చేత్తో తడిమాడు.

"అచ్చం ఆయన వేసినట్టే ఉందిరా," అన్నాడు. "పని పోగొట్టుకుని నేను కాపాడింది దీన్నా?"