రెండు సీట్ల బండికి నాలుగు టైర్లు

మా బామ్మర్ది స్పోర్ట్స్ కారు కొన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఒంట్లో ఏ నలతా లేదు. కారు వచ్చి భుయ్యాడీహ్ బస్తీలో మా ఇంటి ముందు ఆగింది, అదే నలత.

పసుపుపచ్చ బండి. నేలకి జానెడు ఎత్తు. కోల్‌కతాలో ఎవరో వాడి అమ్మేసిందే అయినా ఒంటిమీద గీత లేదు. సందులో మురుగు కాలవ మీద వేసిన పలక ఎక్కలేక అడ్డంగా, పీతలా పాక్కుంటూ వచ్చింది. పిల్లలంతా దాని తలుపులో మొహాలు చూసుకుని పళ్ళికిలించారు. మా ఆవిడ కొబ్బరికాయా నిమ్మకాయలూ పట్టుకుని పరిగెత్తింది. పక్కింటి బిహారీ ఆవిడ గేటు దగ్గర నిలబడి, "భాభీ, ఆప్‌కా భాయ్ తో హీరో లగ్ రహా హై" అంది. మా ఆవిడ కొంగు సర్దుకుని, "బచ్‌పన్ సే హీ హై" అంది. చిన్నప్పటినుంచీ హీరోనేనట. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచింది తనే!

నేను స్కూటరు కొన్న రోజున మా ఆవిడ అడిగింది ఒక్కటే. "లీటరుకి ఎంతిత్తాది?"

ఆ మధ్యాహ్నం చేప తలకాయ వాడి కంచంలో పడింది. పెళ్ళయిన నాటినుంచీ మా ఇంట్లో ఆ తలకాయ నాది. ఎవరూ రాసివ్వలేదు, అలా జరిగిపోతూ వచ్చిందంతే. వాడు దాన్ని చప్పరిస్తూ, "అప్పా, నీ సెయ్యి మారనేదు" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. అప్ప మురిసిపోయింది. నేను తోక ముక్కలో ముళ్ళు ఏరుకున్నాను.

వాడు ఇరవయ్యేళ్ళ వయసులో శ్రీకాకుళం నుంచి వచ్చి మా ఇంట్లోనే దిగాడు. ఆరేళ్ళు మా ముందు గదిలో పడుకున్నాడు. నేను అప్పట్లో ఇక్కడి ఉక్కు ప్లాంటులో డంపర్ల టైర్ల సెక్షన్లో పనిచేసేవాణ్ణి. కాంట్రాక్టు మనిషినే, కానీ టైరు విషయంలో నా మాటకి ఎదురుండేది కాదు. వాణ్ణీ నా కిందే పెట్టించాను. పాన పట్టడం, జాకీ ఎత్తడం నేర్పాను. రబ్బరు సంగతి నేర్పేలోగా ఆ పని వదిలేసి, లోడర్లు అద్దెకి తిప్పే కాంట్రాక్టులోకి దిగాడు. పైకొచ్చాడు. సిద్ధగోరాలో ఫ్లాటు కొన్నాడు. దాన్ని ఓర్చుకున్నాను. నాలుగో అంతస్తు కాబట్టి నా కంటికి అంతగా ఆనలేదు. కారు మాత్రం నేరుగా నా గుమ్మం ముందుకొచ్చింది.

పైగా అందులో రెండే సీట్లు. ఒకటి నడిపేవాడిది. వాళ్ళావిడకి ఆ బండిలో కూర్చుంటే నడుం పట్టేస్తుందట, ఒకసారి ఎక్కి దండం పెట్టేసింది. దాంతో రెండో సీటు మా ఆవిడదైపోయింది. ఆదివారం వస్తే చాలు, వాడు హారన్ కొట్టడం, ఈవిడ చెప్పులేసుకోవడం. నది పక్కన పెద్ద రోడ్డు మీద ఒక చుట్టు చుట్టి జుట్టంతా రేగిపోయి వచ్చేది. "ఏటండీ, పొట్టలో గిలిగింతలు పెట్టినట్టుంటాది!" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం పెళ్ళికి ముందు నేను చూసిన మొహంలా ఉండేది. నా స్కూటరు వెనకాల కూర్చుని దిగితే ఎప్పుడూ అలా లేదు.

మే నెలలో వాడొచ్చి, "బావా, బండితో పాటు వచ్చిన టైర్లు అరిగిపోయినాయి. ఏటెయ్యాలో నీవే సెప్పాల" అన్నాడు.

"షాపోడున్నాడు కదోయ్."

"షాపోడు అమ్ముకునీవోడు. నువ్వు మా బావవి."

సాక్చీలో పెద్ద టైర్ల షాపుకి వెళ్ళాం. కార్లో ఎక్కమన్నాడు. నేను స్కూటరు మీదే వెనకాల వస్తానన్నాను. ఎండకి మాడిపోతూ వెళ్ళాను గాని ఆ సీట్లో కూర్చోలేదు.

షాపువాడు రెండు టైర్లు దొర్లించుకొచ్చి పక్కపక్కన నిలబెట్టాడు. ఒకే కంపెనీ, ఒకే సైజు, పేరు కూడా ఇంచుమించు ఒకటే. చివర్న ఒక్క మాట తేడా. తెలియనివాడికి కవల పిల్లల్లాగే ఉంటాయి. నాకు చదువు ఐదో తరగతే. కానీ టైరు మీదకి వంగితే అదే నాతో మాట్లాడుతుంది. మొదటిదాంట్లో నాలుగు లోతైన గాడులు చుట్టూ పరుగెడుతున్నాయి, నీళ్ళు వాటిలోంచి బయటికి పోతాయి. బొటనవేలి గోరు నొక్కితే మెల్లగా దిగి, తీయగానే పైకి లేచింది. రెండోది రేసు ట్రాకు మీద తిరిగే బండ్ల కోసం చేసిన రకం. గాడులు రెండే, అవీ పైపైన. బయటి అంచు దాదాపు గుండు. గోరు నొక్కితే పాకం ముదరని బెల్లంలో దిగినట్టు దిగి, గుర్తు అలాగే ఉండిపోయింది. అంత మెత్తన. ఎండలో అది రోడ్డుని కరిచి పట్టుకుంటుంది. వానలో మాత్రం నీళ్ళు పోయే దారి లేక టైరు వాటి మీదకెక్కి తేలుతుంది. అప్పుడు స్టీరింగు మన చేతిలో ఉంటుంది, బండి ఉండదు.

ఇదంతా ఆ నిమిషంలోనే నాకు తెలుసు. తర్వాత తట్టింది కాదు.

"ఏది బావా?" అన్నాడు వాడు. చేతులు కట్టుకుని, సెక్షన్లో నా ముందు నిలబడినట్టే నిలబడ్డాడు. అలా నిలబడకుండా ఉంటే బాగుండేది. ఇంత సంపాదించి, ఇంత బండి కొని, ఇంకా వినయం కూడా వాడికే ఉండాలా అనిపించింది.

రెండోదాని మీద చెయ్యి వేశాను. "ఇది. రోడ్డుకి అతుక్కుపోద్ది."

షాపువాడు గొంతు సవరించుకున్నాడు. "చాచా, బారిష్ మే థోడా..."

"భాయ్ సాబ్," అని అడ్డం పడ్డాను, "తీస్ సాల్ టైర్ మే హీ గయే మేరే." ముప్ఫై ఏళ్ళు టైర్లలోనే గడిచాయన్నాక వాడింకేమంటాడు? వాన మాట అక్కడితో పోయింది. మా బామ్మర్ది వాడివైపు తిరిగి, "సున్ లియా? మా బావ సెప్పినాడంటే అయిపోనాది" అన్నాడు. అవతలి మనిషికి తెలుగు రాదని కూడా వాడికి గుర్తు లేదు.

నేను అబద్ధం చెప్పలేదని స్కూటరు మీద ఇంటికొచ్చే దారంతా అనుకున్నాను. అతుక్కుపోతుందని చెప్పాను, నిజమే కదా. వాన ఇంకో నెలకి గాని రాదు. మొదటి జల్లుకి బండి అటూ ఇటూ జారి, వాడికి గుండె జల్లుమంటే, ఆ పైన దాన్ని అమ్మేస్తాడు. అంతే నేను కోరుకున్నది. రెండో సీట్లో ఎవరు కూర్చుంటారో నాకు తెలీదా? తెలుసు. ఆ ఆలోచన రాబోతే పక్కకి తోసేశాను.

ఆ తర్వాత మూడు వారాలు నా మాట ఊరంతా తిరిగి నాకే వినపడింది. సీతారాండేరాలో గెడ్డం గీసేవాడి దగ్గర కూర్చుంటే, "మీవాడి టైర్లు మీరే సెలక్ట్ సేసినారంట కదా" అని మన తెలుగువాడొకడు అడిగాడు. టీ కొట్టు దగ్గర ఇంకొకడు అదే అన్నాడు. మా బామ్మర్ది రోజూ ఫోన్ చేసేవాడు. "బావా, మలుపులో ఏక్‌దమ్ అతుక్కుపోతంది! నువ్వు కరెక్టు!" ఊళ్ళో వాళ్ళంతా ఉక్కపోతకి ఉసూరుమంటూ వానెప్పుడని ఎదురుచూస్తున్నారు. నేనొక్కణ్ణే పొద్దున్నే మేడెక్కి, మబ్బు లేదని చూసుకుని దిగేవాణ్ణి. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూనే ఆదివారాలు మూడు వెళ్ళిపోయాయి. మా ఆవిడ ఎక్కుతూనే ఉంది, దిగుతూనే ఉంది.

జూన్లో ఒక పొద్దున్న అక్కాతమ్ముళ్ళిద్దరూ జాదూగోడ దగ్గర రంకిణీ అమ్మవారి గుడికి బయల్దేరారు. కొత్త బండి కొన్నవాళ్ళు అక్కడ పూజ చేయించడం ఇక్కడ మామూలే. దారి కొండల్లో మెలికలు తిరుగుతుంది. మా ఆవిడ ఎర్రంచు చీర కట్టుకుని, ఒళ్ళో పూజ బుట్ట పెట్టుకుని, అంత పొట్టి సీట్లోకి దిగలేక నవ్వుతోంది. వాడు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. తలెత్తి చూస్తే దల్మా కొండ కనిపించలేదు. అది ఉండాల్సిన చోట నల్లగా, ఇంగువ ముద్దలా మబ్బు.

లోపలికి వెళ్ళి పనిముట్ల డబ్బాలోంచి సుద్దముక్క తీసుకొచ్చి, కారు ముందు టైరు మీద పెద్ద ఇంటూ గుర్తు గీశాను. చుట్టూ తిరిగి నాలుగింటి మీదా గీశాను.

ప్లాంటులో మాకదో పద్ధతి. టైరు మనిషి సుద్దతో ఇంటూ కొట్టాడంటే ఆ డంపరు గేటు దాటదు. షిఫ్టు ఇంజనీరు వచ్చి అరిచినా దాటదు. అయితే కొట్టినవాడు డ్రైవరు మొహం మీదే కారణం చెప్పాలి. చెప్పలేకపోతే తన చేత్తోనే తుడవాలి. మా బామ్మర్దికి అది తెలుసు. ఇంజను ఆపి దిగాడు.

"ఏటి బావా ఇది?"

"బండి కదల్దు."

"కారణం సెప్పు మరి."

"వాన్లో ఈ టైర్లు నిలబడవు. నీళ్ళ మీద తేలిపోతాయి. ఆ కొండ మలుపుల్లో అస్సలు పనికిరావు."

వాడు టైరు వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు. "మరా రోజు సెప్పనేదేటి?"

నేను నోరు తెరిచేలోగా కార్లోంచి మా ఆవిడ అందుకుంది. "మర్సిపోయుంటారులేరా, వయసు గదా. నువ్వూరుకో."

"బావ మర్సిపోడమేటప్పా? నా సెక్షన్ గేటు పాసు నంబరు ఇప్పటికీ సెప్తాడు." వాడు నా వైపే చూస్తున్నాడు. కోపం ఇంకా రాలేదు, నేనేదో మంచి కారణమే చెబుతానని చూస్తున్నాడు.

మా ఆవిడ అందించిన సాకు పట్టుకుని బయటపడొచ్చు. సుద్ద నా చేతిలోనే ఉంది.

"మర్సిపోనేదు," అన్నాను. "ఆ షాపోడు సెప్పబోతే నేనే ఆపినాను. నీ బండి సూసి ఓర్వలేకపోయినాను."

వాడు, "నన్నంటే సర్లే బావా," అన్నాడు. "ఇందల వారం వారం అప్ప కూకుంది గదా. అది సూసినావు గదా."

మా ఆవిడ బుట్ట పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎలాగో దిగి లోపలికి వెళ్ళిపోయింది. వాడు తాళం వేసి నడుచుకుంటూ పోయాడు. అర్ధగంటలో వాన దంచేసింది. బండి మా గుమ్మం ముందే మూడు రోజులు తడిసింది. ఆ మూడు రోజులూ మా ఆవిడ నాకు అన్నం పెట్టింది, కూర వేసింది, నీళ్ళిచ్చింది. మాట మాత్రం ఇవ్వలేదు.

నాలుగో రోజు పొద్దున్న సన్నగా జల్లు పడుతుండగా వాడొచ్చి, రెండో సీటు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కు."

"షాపుకేనా? నేను స్కూటరు మీద..."

"ఎక్కు బావా. నీవు సెప్పిన టైర్లే కదా."

ఎక్కాను. మోకాళ్ళు గెడ్డానికి తగిలాయి. వాడు సైకిలు కంటే నెమ్మదిగా పోనిచ్చాడు. అయినా సీతారాండేరా దాటాక ఒక నీళ్ళ గుంట మీద బండి వెనక భాగం మెత్తగా పక్కకి తప్పుకుంది. ఎంతో కాదు, బెత్తెడు. నేను తలుపు పిడి రెండు చేతులా పట్టుకున్నాను. వాడు నా వైపు చూడలేదు, బండిని నిదానంగా సర్దుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, వాడు బాగా నడుపుతాడని.

షాపులో మళ్ళీ అవే రెండు రకాలు పక్కపక్కన నిలబెట్టారు. మా బామ్మర్ది షాపువాణ్ణి అడిగాడు. బారిష్ మే కైసా, గాడులెంత లోతు, ఎన్నాళ్ళు మన్నుతుంది, అన్నీ. షాపువాడు టైరు మీద చెయ్యేసి ఒక్కొక్కటీ చెప్పాడు. అన్నీ నాకు తెలిసినవే. వాడికంటే బాగా చెప్పగలను. గోరు నొక్కి చూపించడం కూడా వాడికి చేతకాదు, అరచేత్తో నిమురుతున్నాడు. మా బామ్మర్ది మాత్రం చేతులు కట్టుకుని, తల కాస్త వంచి, ఆ షాపువాడు చెప్పేది శ్రద్ధగా వింటున్నాడు.

నేను గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. వాడి కారు వచ్చిన రోజున కూడా నాకు కడుపులో అంత మంట లేదు. ఆ షాపువాణ్ణి చూస్తే కలిగింది.

ఇంటికి రాగానే మా ఆవిడ నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"ఏ టైర్లో మిమ్మల్నడిగినాడేటి?"

"నేదు."

"అడగడు," అంది, తడిసిన నా చొక్కా దండెం మీద వేస్తూ. "నాకైతే సెప్పండి. ఇప్పుడేసినవి మంచివేనా?"

"మంచివే," అన్నాను. ఎన్ని గాడులున్నాయో, వాటిలోంచి నీళ్ళెలా పోతాయో మొదట్నుంచీ చెప్పడం మొదలెట్టాను. ఆవిడ చొక్కా మీద చెయ్యి ఆపి, చివరిదాకా వింది.