పాతరలో పెట్టిన ఎండ్రిన్

మా ఊళ్లో బావులన్నీ ఉప్పనివే. మా పెరట్లో బావి ఒక్కటే తియ్యన. దాని మీద అమ్మకున్న ప్రేమ మా ఎవరి మీదా లేదంటే అబద్ధం కాదు. నీళ్లలో పురుగుల్ని తింటాయని ఏటా అందులో చేపపిల్లల్ని వదిలేది.

అరవైల్లో మిరపతోటలకి ఎండ్రిన్ అనే పురుగుమందు వచ్చింది. పక్కింటి పిన్ని మొగుడితో పోట్లాడి అదే తాగి చచ్చిపోయింది. ఆ రోజు నుంచి, మా ఇంట్లో మిగిలిన డబ్బాలు వదిలించుకోమని అమ్మ నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వాగులో పారబోస్తే గొడ్లు తాగుతాయి. పూడ్చడమే మేలనుకున్నారు.

అప్పుడే అన్నయ్య బొంబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అణుశక్తి పనుల్లో మిగిలే విషపు చెత్తని భూమిలో ఎలా పూడ్చాలో మట్టి మీద పరీక్షలు చేయడం అక్కడ అన్నయ్య ఉద్యోగం.

"బంకమట్టి తడిగా ఉంటే ఉబ్బి, సందు లేకుండా మూసుకుపోద్ది నాయనా. నీళ్లు చానా నిదానంగా పోతాయి. విషం మట్టికి అంటుకుని ఆగుద్ది. అవతలికి చేరేలోపు దాని బలం తగ్గిపోద్ది" అన్నాడు.

నాన్న పొంగిపోయాడు. జొన్నలు నేలలో దాచే పాతర కట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. మన రేగడి మట్టితోనే మెత్తుతానన్నాడు.

"తడి మాత్రం ఆరనీయకూడదు" అన్నాడు అన్నయ్య.

"తాతకి దగ్గులు నేర్పమాక. పాతర ఎట్టా కట్టాలో నాకు తెలవదా?"

అన్నయ్య ఊరుకుని రైలెక్కాడు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అంత చదివినవాడు ఇంకొక్క మాట గట్టిగా చెబితే ఏం పోయేది?

కొట్టం వెనక, బావికి కాస్త ఎగువన నాన్న గొయ్యి తవ్వి, చుట్టూ రేగడి మెత్తాడు. తర్వాత లోపల చొప్ప వేసి మంట పెట్టాడు. చెమ్మ ఉంటే గింజ బూజు పడుతుంది కాబట్టి పాతరని అలాగే కాల్చి ఆరబెట్టాలి. ఆయన చేతులకి తెలిసింది అదే. గొయ్యి గట్టిపడ్డాక డబ్బాలు పెట్టి పూడ్చాడు. అమ్మ ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది.

ఎండాకాలం వచ్చింది. ఆరిన రేగడి పాదం దిగేంతగా నెర్రెలిచ్చింది. ఆ ఏటి వానల చెమ్మకి డబ్బాలు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. మరుసటేడు తొలకరి నీళ్లన్నీ ఆ నెర్రెల్లోకే దిగాయి. ఒక పొద్దున నీళ్లు తోడబోయిన అమ్మకి చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతూ కనిపించాయి. అమ్మ చేద కింద పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చింది. నాన్న ఆ బావి దగ్గరికి మళ్లీ వెళ్లలేదు.

కబురందుకుని అన్నయ్య వచ్చాడు. గొయ్యి తవ్వి చూసి, బావికి ముళ్లకంప కప్పించాడు.

"ఎప్పటికి బాగుపడుద్దిరా?" అని అమ్మ అడిగింది.

"నేను పనిచేసే విషాలకి ఇంతకాలానికి సగమవుద్దని లెక్కుందమ్మా. దీనికి నాకు తెలిసిన లెక్కేదీ లేదు."

ఆ తర్వాత ఉప్పునీళ్లే తాగాం. కొన్నేళ్లకి అమ్మ మంచాన పడింది. ఆఖరి రోజుల్లో మన బావి నీళ్లు గుక్కెడు పొయ్యమని అడిగింది.

"అది విషం అమ్మా" అన్నాను.

"నాకింక విషమైతే ఏందే?"

పొరుగూరి నుంచి తియ్యని నీళ్లు తెప్పించి, మన బావివేనని నోట్లో పోశాను. కాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"ఇయ్యి మనయి కాదు" అని, నీళ్లు బయటికి వదిలేసి అటు తిరిగి పడుకుంది.