క్విగ్ ఎత్తిన చెయ్యి

గురువారం పొద్దున మెర్వ్ చెత్తడబ్బాను వీధి అంచుకు తోసుకెళ్ళాడు. ఒక కన్ను మూసి, అది గేటుతో వరసగా ఉందో లేదో చూశాడు. జానెడు పక్కకు జరిపాడు. వంటింటి కిటికీలోంచి లోర్నా చూస్తూనే ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. టీ చల్లారిపోతోందని పిలిచింది. రాలేదు. వెళ్ళి చూస్తే గేటుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ప్రాణం లేదు.

మెర్వ్ టాటర్సన్‌కు ఒకప్పుడు వారమంతా జిలాంగ్‌లో ఉన్ని గోదాములో పని. శనివారం మాత్రం తెల్లకోటు, తెల్లటోపీ, చేతిలో రెండు జెండాలు. ఆస్ట్రేలియా తరహా ఫుట్‌బాల్ లీగ్‌లో గోల్ అంపైరు. తన్నిన బంతి నడిమి స్తంభాల మధ్యనుంచి పోతే రెండు జెండాలూ ఊపాలి, ఆరు పాయింట్లు. దారిలో అవతలివాడి వేలి కొస తగిలినా ఒకటే జెండా, ఒకటే పాయింటు.

ఎనభై ఆరులో, మెల్బోర్న్‌లో సెమీఫైనల్. ఇక ఆట ముగుస్తుందనగా బంతి స్తంభాల మధ్యనుంచి దూసుకుపోయింది. అడ్డం ఎగిరిన అవతలి జట్టు ఆటగాడు క్విగ్ చెయ్యెత్తి, "తగిలింది! నా వేలికి తగిలింది!" అని అరిచాడు. మెర్వ్ రెండు జెండాలూ ఊపాడు. క్విగ్ జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. టీవీలో ఎన్నిసార్లు తిప్పి వేసినా వేలూ బంతీ కలిసిపోయినట్టే కనబడేవి. ఆ తర్వాత మెర్వ్‌ను పెద్ద ఆటలకు పిలవలేదు.

ఆట జరిగిన రాత్రి భోజనాల దగ్గర అన్నాడు. "వేలు వంగలేదు లోర్నీ. తగిలితే వంగాలిగా. లేదా బంతి తిరుగుడైనా మారాలి."

"పోనీలే. పొరపాటు ఎవరికైనా అవుతుంది."

మెర్వ్ ప్లేటులోని మాంసం ముక్క కోసుకుని తిన్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఊరు ఎత్తుతూనే ఉంది. మాంసం కొట్లో మెకార్డీ సాసేజీల దండ పైకెత్తి, "ఇవెన్నో చెప్పు చూద్దాం గుడ్డోడా!" అనేవాడు.

"డజను అడిగాను. పదకొండే ఉన్నాయి. ఇంకోటి వెయ్యి," అనేవాడు మెర్వ్.

కొన్నేళ్ళ కిందట ఓ సాయంత్రం ఆకుపచ్చ రంగు డబ్బాతో ఇంటికొచ్చి, "ఇవాళ క్విగ్ కనిపించాడు," అన్నాడు.

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తకు. గేటుకి ఇదేం రంగు, కప్పలాగ?"

మెర్వ్ నవ్వేసి రంగు కలుపుకున్నాడు. చీకటి పడేదాకా ఈల వేస్తూ గేటుకు పూశాడు.

అంత్యక్రియల తర్వాత చర్చి హాల్లో టీ, శాండ్‌విచ్‌లు పెట్టారు. ఎవరెవరో వచ్చి లోర్నా చెయ్యి పట్టుకుని వదిలారు. శాండ్‌విచ్‌ల అంచులు ఎవరు కోశారో గాని వంకరగా కోశారని ఆమెకు అనిపించింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు. మోకాలు సరిగ్గా వంగని పెద్దాయన ఒకడు కుంటుకుంటూ వచ్చి ఎదుట నిలబడ్డాడు.

"లోర్నా గారూ, నేను క్విగ్‌ని."

ఆమె కప్పు కింద పెట్టలేదు.

"ఆ బంతి నాకు తగల్లేదండీ. బెత్తెడు దూరం. మేమంతా అలవాటుగా చెయ్యెత్తి అరిచేవాళ్ళం, తగిలినా తగలకపోయినా. మెర్వ్‌కి చెప్పేశాను ఎప్పుడో, రంగుల కొట్లో కలిస్తే. మీకు చెప్పే ఉంటాడుగా?"

"ఏమన్నాడు?"

"రంగు డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఇంటికెళ్ళి ముందు లోర్నాకి చెప్పాలి అన్నాడు."