పీర్ల పెట్టెలో లింగమ్మ మూట

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను అనంతపురంలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రికి, డే కేర్ వార్డు హెడ్ నర్సుగా వేశారు. పొద్దున వచ్చి, కీమో మందు ఎక్కించుకుని, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరే రోగుల వార్డు అది. అక్కడికి ముదిగుబ్బ వైపు నుంచి లింగమ్మ వచ్చింది. గొర్రెల కాపరి మారెప్ప భార్య. రొమ్ము ఆపరేషన్ అయింది, గాయం మానింది. కీమో మాత్రం వద్దంది.

జుట్టు రాలుతుందని చెప్పినప్పుడు చాలామంది ఏడుస్తారు. ఈమె ఏడవలేదు, లేచి నిలబడింది.

"ఈ ఎంటికలు నావి కాదు మేడమ్. మనవడు బతికితే పీర్ల సామికి ఇస్తానని మొక్కుకొన్నా. వాడు బతికినాడు. ఇంగ ఇవి ఆయన సొత్తు. ఈడ రాలి చెత్తలో పోతే ఆయనకేం చెప్పల్ల?"

ముందే తీయించి దాచుకోమన్నారు మా డాక్టరు. అట్లా కుదరదట. పీర్లు లేచినప్పుడు, వాటిని నిలబెట్టే సావిడి ముందరే ఇవ్వాలి. మొహర్రం దాకా ఆ లోహపు పీర్లు సావిడి పెట్టెలో నిద్రపోతుంటాయి. పండగకింకా నెలలున్నాయి. ఆపరేషన్ తర్వాత కీమో అన్నాళ్లు ఆగితే, ఒంట్లో మిగిలిన జబ్బు మళ్లీ తలెత్తవచ్చు. డాక్టరు గొంతు పెంచారు. నువ్వయినా చెప్పవయ్యా అని నేను మారెప్ప మీద పడ్డాను.

"నేను చెప్తే ఇంటాదా మేడమ్? గొర్రెలే నయం, మాట ఇంటాయి" అన్నాడు. అంటూనే కళ్లు తుడుచుకున్నాడు.

మా మాట ఆమెకు పట్టదని అర్థమైంది. ఎవరి మాట వింటావని అడిగితే, సావిడి చూసుకునే ముజావర్ మస్తాన్ సాబు పేరు చెప్పింది. ఊళ్లో దర్జీ ఆయన. మారెప్ప ఫోన్ చేస్తే, మరునాడు బస్సెక్కి వచ్చాడు.

డాక్టరు చెప్పిందంతా విన్నాడు. ఆగితే ఏమవుతుందో ఒకటికి రెండుసార్లు అడిగాడు. పీర్లను ముందుగా లేపడం తన చేతిలో లేదన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. అయితే పెట్టె మాత్రం తన చేతిలోనే ఉందన్నాడు.

"సావిడి గడప ముందర తీయిస్తాం లింగమ్మా. పచ్చగుడ్డలో మూటగట్టి పెట్టెలోనే పెడతా. సామి లేస్తానే ముందు నీ మూటే చూస్తాడు."

"కోపం చేసుకోడా అన్నా?"

"వస్తే నా మీదికి రానీ. చెప్పినోణ్ని నేను కదా."

కీమో మందును మా వార్డులో ఇద్దరు నర్సులు సరిచూసి, ఇద్దరూ సంతకం పెట్టాకే ఎక్కిస్తాం. ఈ మనిషి ఏ సంతకమూ లేకుండా దేవుడి కోపాన్ని తన నెత్తికెత్తుకున్నాడు.

ఆ వారంలోనే లింగమ్మ నున్నటి గుండు మీద కొంగు కప్పుకుని వచ్చింది. సూదికి తనే చేయి చాచింది.

కీమో మధ్యలో మొహర్రం వచ్చింది. తెల్లరక్తకణాలు తగ్గినప్పుడు జనంలో తిరిగితే ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. అందుకని డాక్టరు రక్తపరీక్ష చేయించి, జనం చేరకముందే వెళ్లి రమ్మన్నారు. నేనూ తోడు వెళ్లాను. మస్తాన్ సాబు పెట్టె మూత తీశాడు. పీర్ల మీద చేయి వేయకముందే పచ్చమూటను బయటికి తీసి, పీర్లను నిలబెట్టాక ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని గడప మీద పెట్టి మొక్కింది. మాస్కు తడిసిపోయింది. నాదీ అంతే.

కీమో అంతా పూర్తిచేసుకుంది. ఆ తర్వాత మా వార్డులో మొదటి రోజే అందరినీ అడగడం మొదలుపెట్టాం: మొక్కులేమైనా ఉన్నాయా, ఉంటే ఎవరిని పిలవాలి అని. మందు గురించి ధైర్యం చెప్పడం మా పని. మొక్కు గురించి ధైర్యం చెప్పగలిగే మనిషి వేరే ఉంటాడు. ఆయన్ని పిలిచి, కుర్చీ వేసి, చెప్పింది వినడం కూడా వైద్యంలో భాగమేనని ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను.